పుస్తకాల సందేహాలు: ఒక్క రాత్రిలో ముగిసే చీకటి కథలు

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ఇంగ్లీషు ఫాంటసీ సిరీస్‌లు మొదలుపెడితే ఒక్కో భాగం ఎనిమిది వందల పేజీలు. రెండో భాగం దగ్గరే ఓపిక అయిపోతోంది. పురాణాల్లోంచి పుట్టిన కథ కావాలి, చదువుతుంటే ఒళ్ళు జలదరించాలి, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోవాలి. మనదైనా సరే, బయటిదైనా సరే. ఏది మొదలుపెట్టమంటారు?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మహాభారతంలో సౌప్తిక పర్వం. 'పురాణాలు చదువు నాయనా' అని పెద్దవాళ్ళు చెప్పే సలహా లాంటిది కాదిది. మీరడిగిన కొలతలన్నిటికీ సరిపోయే కథ అదే.

యుద్ధం పద్దెనిమిదో రోజు ముగిసింది. కౌరవుల వైపు మిగిలింది ముగ్గురు: అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. మిగతా ఇద్దరూ మర్రిచెట్టు కింద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు. అశ్వత్థామకు కన్ను మూతపడదు. అప్పుడు ఒక గుడ్లగూబ సద్దు చెయ్యకుండా వచ్చి, కొమ్మల మీద నిద్రపోతున్న కాకుల్ని వరసగా చంపుతుంది. తెగిన రెక్కలు, కాళ్ళు చెట్టు కింద కుప్ప పడతాయి. ఆ కుప్పను చూస్తూ అతను రేపటి దాకా ఆగనక్కర్లేదని నిశ్చయించుకుంటాడు. నిద్రపోయేవాళ్ళను చంపడం అధర్మమని కృపుడు చాలాసేపే వాదిస్తాడు. అధర్మమని అశ్వత్థామకూ తెలుసు. తెలిసే బయల్దేరతాడు.

శిబిరం వాకిట్లో పులితోలు కట్టుకుని, నెత్తురోడుతూ ఒక మహాభూతం నిలబడి ఉంటుంది. ఇతను వేసిన ఆయుధాలన్నిటినీ మింగేస్తుంది. చేతిలో ఇంకేమీ మిగలనప్పుడు తన శరీరాన్నే అగ్నికి ఆహుతి ఇవ్వబోతాడు. శివుడు ఖడ్గమిచ్చి అతని ఒంట్లో ప్రవేశిస్తాడు. లోపల ధృష్టద్యుమ్నుడు 'ఆయుధంతో చంపు, వీరలోకాలకు పోతాను' అని బతిమాలుకుంటాడు. ఆ ఒక్క దయా చూపించడు, కాళ్ళతో కుమ్మి చంపుతాడు. ఇంతలో సైనికులకు కాళరాత్రి అనే ఒక నల్లని స్త్రీ కనిపిస్తుంది. ఎర్రటి నోరు, ఎర్రటి కళ్ళు, చేతిలో పాశం. మనుషుల్నీ గుర్రాల్నీ కట్టి లాక్కుపోతుంటుంది. యుద్ధం మొదలైన నాటి నుంచీ వాళ్ళకు రాత్రిళ్ళు కలలోకి వస్తున్నది ఆవిడే. ఆమెతో పాటు వచ్చే అశ్వత్థామ కూడా కొత్తవాడు కాదు, అదే కలలో ఉన్నాడు. ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తే ఇద్దరూ ఎదురుగా ఉన్నారు. ఇంతకు మించిన భయానక దృశ్యాన్ని ఈ తరహా కొత్త పుస్తకాల్లో వెతకడం దండగ.

నెత్తురు అంటారా, ద్రోణపర్వంలో ఇంతకంటే ఎక్కువే పారింది. అయినా అక్కడ ఈ భయం లేదు. ఇక్కడ ప్రతివాడూ ఒక కట్టుబాటుకో, మాటకో, శాపానికో చిక్కి ఉన్నాడు, తప్పించుకునే సందు లేదు. చివర్లో అశ్వత్థామ నుదుటి మణి పోతుంది. చీమూ నెత్తురూ కంపు కొడుతూ 3,000 ఏళ్ళు ఒంటరిగా తిరగమని శాపం పడుతుంది. చావు లేదు, చచ్చే వీలూ లేదు. చీకటి ఫాంటసీ ఎంచుకునేటప్పుడు వెనక అట్ట మీద 'రక్తపాతం', 'రాక్షసులు' అని ఉందా లేదా అని కాకుండా, కథలో తప్పించుకోలేని నియమం ఏమిటన్నది చూడండి. అది మొదటి ఇరవై పేజీల్లో తగలకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టెయ్యొచ్చు.

రెండోది మౌసల పర్వం. ఇంకా చిన్నది. మునుల్ని ఆటపట్టించిన కుర్రాళ్ళ వల్ల ఒక ఇనుప రోకలి పుడుతుంది, దాన్ని పొడి చేసి సముద్రంలో కలుపుతారు, ఆ పొడే ఒడ్డున తుంగై మొలిచి యాదవుల చేతుల్లో రోకళ్ళవుతుంది. ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. సినిమాల్లో, హరికథల్లో జారిపోయేది దానికి ముందు వచ్చే ద్వారక వర్ణన. వీధుల్లో ఎలుకలు పెరిగిపోయి, నిద్రపోతున్న వాళ్ళ జుట్టూ గోళ్ళూ కొరుకుతాయి. శుభ్రంగా వండిన అన్నం విస్తట్లోకి వచ్చేసరికి పురుగులు కనిపిస్తాయి. కొంగలు గుడ్లగూబల్లా, మేకలు నక్కల్లా కూస్తాయి. గుండు చేయించుకున్న వికృతాకారుడొకడు ఇంటింటి లోపలికీ తొంగి చూసి పోతుంటాడు. వాడు కాలుడు. ఎవరినీ ఏమీ చెయ్యడు, చూసి పోతాడంతే.

బయటివాటిలో మార్గరెట్ ఆట్‌వుడ్ రాసిన 'ది పెనలోపియడ్' (2005) తీసుకోండి. గ్రీకు వీరుడు ఒడిస్సియస్ ఇరవై ఏళ్ళ తర్వాత ఇల్లు చేరి, భార్య పెనలోపీని పెళ్ళాడతామని ఇంట్లో చేరినవాళ్ళను చంపాక, పన్నెండు మంది దాసీలను కూడా ఉరి తీయిస్తాడు. 'ఒడిస్సీ' రాసిన హోమర్ ఆ ముక్క కొద్ది పంక్తుల్లో దాటేశాడు. ఈ పుస్తకంలో చనిపోయిన పెనలోపీ పాతాళం నుంచి కథ చెబుతుంటే, ఆ పన్నెండు మందీ మధ్యమధ్యలో బృందంగా వచ్చి పాటలు పాడతారు, ఒకచోట కోర్టు విచారణ కూడా పెట్టిస్తారు. వెటకారం పాలు ఎక్కువ, భయం పాలు తక్కువ. కానీ ఆ అమ్మాయిలు మాత్రం వదలరు. 'ఒడిస్సీ' 22వ అధ్యాయం ఏ అనువాదంలోనైనా ముందు చదివితే సగం శ్రమ తప్పుతుంది. అది చదవకుండా దిగితే 'ఈ దాసీల గోలేమిటి' అనిపించి ముప్ఫయ్యో పేజీలో మూసేస్తారు.

అశ్వత్థామ మీద మనసు పోతే ధర్మవీర్ భారతి హిందీ నాటకం 'అంధాయుగ్' (1954) కూడా చూడండి. యుద్ధం చివరి సాయంత్రం నుంచి కృష్ణుడి నిర్యాణం దాకా ఐదు అంకాలు. నాటకమే అయినా నవలికలా ఏకబిగిన చదువుకోవచ్చు. హిందీ పట్టుబడకపోతే అలోక్ భల్లా ఇంగ్లీషు అనువాదం ఉంది.

ఒక హెచ్చరిక. 'పురాణ రహస్యం', 'గుప్తనిధి', 'సంకేత లిపి' అంటూ వచ్చే థ్రిల్లర్లు ఈ కోవలోవి కావు. వాటిలో పురాణం తాళంచెవి పాటి పని చేస్తుంది, తలుపు తెరుచుకోగానే దాన్ని పారేస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. మంత్రగాళ్ళ కథలంటే చెవి కోసుకుంటాడు. పై తరహా కథలు వాడికి ఇవ్వొచ్చాండీ?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సౌప్తికం ఇప్పుడే వద్దమ్మా. నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపడం ఆ వయసుకు మోయలేని బరువు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు ఇవ్వండి. 1954లో వచ్చిన 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' వరసలో వెళ్ళండి. పాడుబడ్డ కోటలు, భూగర్భ మార్గాలు, వికృతాకారాలు పుష్కలంగా ఉంటాయి, క్రౌర్యాన్ని మాత్రం చూరు పట్టుకుని వేలాడరు. ప్రతి మాంత్రికుడి శక్తికీ ఒక హద్దుంటుంది. కుర్రాడు ఆ హద్దు కనిపెట్టడంలోనే పడిపోతాడు. చిత్రా గారి బొమ్మలున్న ప్రతి దొరికితే బొమ్మలు లేనిదాని జోలికి పోకండి. ఇవి వారం వారం కాదు, నెల నెలా వచ్చిన సీరియళ్ళు. ప్రతి భాగం చివరా ఒక గండం ఉంటుంది కాబట్టి రోజుకు రెండు భాగాలకు మించి ఇవ్వకపోతే ఆ రుచి తెలుస్తుంది.

ప్రశ్న: తిక్కన పద్యాలు అర్థం కావు. వచనంలో సంగ్రహ భారతం చదివితే సరిపోదా? పాత పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?
— ఇద్దరు పాఠకులు, గవర్నరుపేట, మంగళగిరి

జవాబు: సంగ్రహంలో సౌప్తికం నాలుగైదు పేజీలకు కుంచించుకుపోతుంది. కాకులూ గుడ్లగూబా ఉంటాయి, కలల్లోకి వచ్చిన కాళరాత్రి ఉండదు. అంటే ఏది కావాలో అదే పోతుంది. తిక్కన దగ్గర సౌప్తికం రెండు ఆశ్వాసాలు, మౌసలం ఒక్కటే ఆశ్వాసం. భయపడేంత పొడవేమీ కాదు.

తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన సవ్యాఖ్యాన భారతంలో పద్యం కింద ప్రతిపదార్థం, తాత్పర్యం ఉంటాయి. చాలామంది ప్రతి పద్యాన్నీ ప్రతిపదార్థంతో కలిపి విప్పుకుంటూ వెళ్ళి పదిహేనో పద్యం దగ్గర చేతులెత్తేస్తారు. మొదటి సాయంత్రం తాత్పర్యాలు మాత్రమే వరసగా చదవండి, కథ చేతికొస్తుంది. రెండో సాయంత్రం కంద పద్యాలు, చిన్న వచనాలు పైకి చదవండి. పెద్ద వృత్తాలు, దీర్ఘసమాసాలు ఆఖరికి ఉంచుకోండి. పెదాలు కదలకుండా చదివితే తిక్కన సంభాషణల్లో విరుపు దొరకదు. కృపుడూ అశ్వత్థామా వాదించుకునే చోట ఇది బాగా తెలుస్తుంది.

విజయవాడలో కొత్త ప్రతులకు ఏలూరు రోడ్డు మీద పుస్తకాల దుకాణాలు, పాతవాటికి లెనిన్ సెంటర్. గుంటూరు వాళ్ళు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో కూర్చుని చదువుకోవచ్చు. పాత పుస్తకం కొనేటప్పుడు అట్టా మొదటి పేజీలూ చూసి తృప్తిపడొద్దు. డెమ్మీ సైజు (మామూలు నవలల సైజు) పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాలుగా, అంటే ఒకే కాగితం మీద వేసి మడిచిన కట్టలుగా అచ్చవుతుంది. బైండింగులో పొరపాటు జరిగితే ఒక ఫారం మొత్తం ఎగిరిపోతుంది, లేదా అదే ఫారం రెండుసార్లు కుట్టేస్తారు. అందుకని 17, 33, 49, 65 ఇలా 16 కలుపుకుంటూ పేజీ నంబర్లు తిరగెయ్యండి. రెండు నిమిషాల పని. భారతం సంపుటాలు విడిగా కొనేవాళ్ళు సౌప్తికం, స్త్రీ పర్వం ఏ సంపుటంలో ఉన్నాయో లోపలి విషయసూచికలో చూసుకోండి, వీపు మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి.

ప్రశ్న: పలనాటి వీరుల కథ ఆధారంగా పాతిక వేల పదాల చీకటి ఫాంటసీ నవలిక రాస్తున్నాను. పది వేలు దాటాక కదలడం లేదు. కోడిపోరు, ఏడేళ్ళ వనవాసం, అలరాజుకు విషం పెట్టడం, బాలచంద్రుడి యుద్ధం అన్నీ పెట్టాను. చదివిన స్నేహితులు 'టీవీ సీరియల్‌లా ఉంది' అంటున్నారు. లోపం ఎక్కడ?
— ఒక కొత్త రచయిత్రి, కొత్తపేట, గుంటూరు

జవాబు: అన్నీ పెట్టడమే లోపం. పలనాటి కథ మూడు తరాల కథ, నవలిక దాన్ని మొయ్యలేదు. ఇంగ్లీషు లెక్కలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో, నెబ్యులా అవార్డులవాళ్ళు 17,500 నుంచి 40,000 పదాల దాకా ఉన్నదాన్ని నవలిక అంటారు. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటకు అతుక్కుపోతాయి కాబట్టి అదే కథకు పదాలు తగ్గుతాయి. మీ పాతిక వేలు సరైన కొలతే. ఆ కొలతలో పట్టేది ఒక నియమం, దాన్ని మీరినవాళ్ళు ఒకరిద్దరు, అందుకు చెల్లించిన మూల్యం.

పలనాటిలో అలాంటి చోట్లు రెండు కనిపిస్తాయి. మొదటిది అలరాజు భార్య పేరిందేవి. ఆమె నలగామరాజు కూతురు. రాయబారం వెళ్ళిన భర్తను చంపింది పుట్టింటి పక్షం. ఇది మీరు వాడారు, కానీ అలరాజు వైపు నుంచి చెప్పారు. విషం తిన్నవాడి కథ ఒక్క పూటలో అయిపోతుంది, పేరిందేవి కథ అక్కడ మొదలవుతుంది.

రెండోది ఇంకా పదునైనది, దాన్ని మీరు ముట్టుకోలేదు. అనపోతు. బాలచంద్రుడితో పెరిగిన అన్నదమ్ముల్లో ఒక్కో కులంవాడు ఒక్కొక్కడు, అనపోతు బ్రాహ్మణుడు. బ్రహ్మనాయుడి చాపకూడులో అందరూ ఒక పంక్తిన తిన్నవాళ్ళే. యుద్ధానికి బయల్దేరాక మాత్రం బ్రాహ్మణుడి నెత్తురు రణభూమిలో పడకూడదని, మరిచిపోయిన వస్తువు తెమ్మనే మిషతో అతన్ని వెనక్కి పంపి మిగతావాళ్ళు వెళ్ళిపోతారు. తిరిగొచ్చి సంగతి తెలుసుకున్న అనపోతు ప్రాణం తీసుకుంటాడు. కంచం దగ్గర లెక్కకు రాని పుట్టుక చావు దగ్గర లెక్కకొచ్చింది. నియమం, మోసం, మూల్యం మూడూ ఒక్క పగట్లోనే ఉన్నాయి. ఫాంటసీ ఎక్కడ కలపాలంటారా, అతను తిరిగొచ్చిన ఆ ఖాళీ చోట కలపండి. వెళ్ళిపోయినవాళ్ళు అతనికి ఎలా కనిపిస్తారు, ఎవరు వచ్చి మాట్లాడతారు, వచ్చినవాడు ఏమి అడుగుతాడు. యుద్ధం చూపించనే వద్దు.

ఇక పని. రాసిన పది వేల పదాలు చింపకండి, పక్కన పెట్టండి. ఒక కాగితం మీద కథలోని నియమాన్ని ఒక్క వాక్యంలో రాయండి. 'అయితే', 'కాకపోతే' లేకుండా రాయలేకపోతే అది ఇంకా తేలలేదన్నమాట. కింద ఆ నియమం మీరితే ఎవరు, ఏమి పోగొట్టుకుంటారో రాయండి. అప్పుడు పదాలు పంచండి. మొదటి 3,000 పదాల్లో నియమం పాఠకుడికి తెలియాలి, అదీ ఎవరో ముని కూర్చోబెట్టి చెప్పకుండా, దాన్ని పాటిస్తున్న మనిషి ద్వారా తెలియాలి. 12,000 దగ్గరకు వచ్చేసరికి మీరడం జరిగిపోవాలి. 20,000 దాకా పర్యవసానం. మిగిలిన 5,000 చెల్లింపు. మీరు పది వేల దగ్గర ఆగిపోవడానికి కారణం కూడా ఇదే: మీరాల్సిన నియమం లేదు కాబట్టి ప్రతి అధ్యాయంలోనూ ఒక కొత్త మంత్రమో, కొత్త క్షుద్రశక్తో దింపాల్సి వస్తోంది. మీరు పంపిన భాగంలో భూతం, నాగిని, శవసాధన చేసే సిద్ధుడు, మాట్లాడే కోడిపుంజు ఉన్నాయి. అమానుష శక్తి ఒకటి చాలు. పుంజును ఉంచుకోండి, బాగుంది.

భాష సంగతి. మీ కథనం వాడుక భాషలో హాయిగా నడుస్తుంటే, పాత్రలు నోరు తెరవగానే 'ఓరీ దురాత్మా', 'నాథా, తమరి ఆజ్ఞ' అంటున్నాయి. సీరియల్ వాసన అక్కడిదే. పన్నెండో శతాబ్దపు పలనాటి వాళ్ళు ఎలా మాట్లాడుకున్నారో మనకు రికార్డింగులేమీ లేవు, కానీ పౌరాణిక సినిమాలో లాగా మాత్రం కాదు. చిన్న వాక్యాలు పెట్టండి. బంధుత్వపు వరసలు సరిగ్గా వాడితే కాలం దానంతటదే తెలుస్తుంది. వర్ణనలో విశేషణాలు కోసెయ్యండి. మీ వాక్యం: 'భీకరమైన కారుచీకటి నలుదిశలా అలుముకుంది.' దాని బదులు: 'వత్తి ఎగదోసినా దీపం వెలుగు గడప దాటలేదు.' రెండోదాంట్లో ఏదో తేడాగా ఉందని పాఠకుడే గ్రహిస్తాడు, మీరు భీకరమని చెప్పక్కర్లేదు.

ఆధారాల విషయంలో ఒక్క పుస్తకంతో సరిపెట్టుకోవద్దు. శ్రీనాథుడి పేర ఉన్న మంజరీ ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో వెలుగులోకి తెచ్చారు. వీర విద్యావంతులు పాడే కథ దానికంటే విస్తారం, చాలాచోట్ల తేడా. ఆ పాడే కథ మీద జీన్ రోఘైర్ ఇంగ్లీషు పుస్తకం 1982లో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, తేడా వచ్చిన చోట్లు గుర్తు పెట్టుకోండి. మీకు ఊహించే చోటు అక్కడ దొరుకుతుంది.

ఇంకొకటి. ఇది గతించిన పురాణం కాదు. కారెంపూడిలో వీరుల గుడి ఉంది, వాళ్ళ ఆయుధాలకు పూజ జరుగుతుంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఉత్సవం చేస్తారు. పేర్లు చూశారుగా, ఆ ఐదు రోజులే ఒక కథాక్రమం. అక్కడికి వెళ్ళి చూడకుండా మాత్రం రాయకండి. నాగమ్మను మంత్రగత్తెగా మార్చారే, అదొక్కటి మానుకోండి. పన్నెండో శతాబ్దంలో మంత్రిత్వం నడిపిన ఆడమనిషి తెలివిని మంత్రాల ఖాతాలో వెయ్యడం ఎప్పుడూ చేసే తేలిక పని. పైగా మీ కథకు అవసరం కూడా లేదు. మీ నియమాన్ని అందరికంటే ముందు అర్థం చేసుకున్న మనిషిగా ఆమెను పెడితే ఇంకా భయంగా ఉంటుంది.

ప్రశ్న: 25,000 పదాలంటే అచ్చులో ఎన్ని పేజీలు? సొంతంగా వేసుకుంటే ఏమి చూసుకోవాలి?
— అదే రచయిత్రి

జవాబు: డెమ్మీ 1/8 సైజులో, 12 పాయింట్ల అక్షరంతో పేజీకి సుమారు 200 నుంచి 220 తెలుగు పదాలు పడతాయి. అంటే 114 నుంచి 125 పేజీలు. లోపలి అట్ట, విషయసూచిక కలుపుకుని 128కి సర్దండి. సరిగ్గా 8 ఫారాలు. 130 వచ్చిందంటే రెండు పేజీల కోసం ఇంకో ఫారం నడపాల్సి వస్తుంది, లేదా చివర తెల్ల కాగితాలు మిగులుతాయి. లోపలికి 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు చాలు. వీపుకు జిగురు వేసే పర్ఫెక్ట్ బైండింగైతే లోపలి మార్జిన్ 20 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి, లేకపోతే పంక్తి మొదటి అక్షరాలు మడతలోకి పోతాయి.

అసలు ప్రమాదం డీటీపీలో, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పనిలో ఉంది. మీరు ఫోన్‌లోనో కంప్యూటర్లోనో యూనికోడ్‌లో రాసి ఉంటారు. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. కన్వర్టర్‌లో వేసినప్పుడు వత్తులు పక్క అక్షరానికి జరుగుతాయి, 'క్ష', 'ర్య' లాంటివి విడిపోతాయి, చివర పొల్లు ఉన్న ఇంగ్లీషు మాటలు చెదురుతాయి. కాబట్టి యూనికోడ్‌లో ఎన్నిసార్లు దిద్దినా దాన్ని చివరి ప్రూఫ్ అనుకోకండి. కన్వర్ట్ అయ్యాక ప్రింటు తీయించి కాగితం మీద రెండుసార్లు దిద్దండి, రెండోసారి మీరు కాకుండా వేరే ఎవరితోనైనా దిద్దించండి. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా యూనికోడ్‌తో పేజీలు కట్టేవాళ్ళు దొరికితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఒప్పుకునే ముందు సంయుక్తాక్షరాలు ఎక్కువున్న ఒక పేజీ ఇచ్చి నమూనా తీయించుకోండి.